ఒక నంబరు మీద రెండు దీపాలు

అమెరికా నుంచి తిరిగొచ్చినప్పటి నుంచి మా కాలనీలో ప్రతివాళ్ళూ అడిగే మొదటి ప్రశ్న, నయాగరా ఎలా ఉంది అని. చూడలేదంటే ముఖం మాడ్చుకుంటారు, నేనేదో వాళ్ళ ఖర్చుతో వెళ్ళి వాళ్ళ నయాగరాని వదిలేసి వచ్చినట్టు. మరి మూడు వారాలూ ఏం చేశావమ్మా అంటే, బొగ్గు గనులు చూశాననీ, ఒక ముసలామె తాత పేరు రాయి మీదికి ఎక్కాలా వద్దా అనే గొడవలో తల దూర్చాననీ చెబుతాను. అప్పుడు వాళ్ళు నన్ను చూసే చూపు గురించి ఇక్కడ రాయను. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకసారి రాసి పెడుతున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి. గోదావరి పక్కన ఒక బొగ్గు గనుల ఊళ్ళో ఇరవై ఆరేళ్ళు ల్యాంప్ రూములో పనిచేశాను. గనిలోకి దిగే ప్రతి కార్మికుడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ మా కిటికీలో ఇచ్చి, టోపీకి తగిలించుకునే దీపం తీసుకుంటాడు. మేము బిళ్ళను కొక్కేనికి తగిలించి, రిజిస్టర్లో ఆ నంబరుకు ఎదురుగా దీపం నంబరు రాస్తాం. షిఫ్టు అయ్యాక అతను దీపం తిరిగిచ్చి బిళ్ళ పట్టుకుపోతాడు, మేము టిక్కు పెడతాం. కొక్కేనికి బిళ్ళ మిగిలిందంటే లోపల మనిషి మిగిలాడన్నమాట. పైకప్పు కూలి మా ఆయన పోయాక, ఆయనకు బదులుగా నాకిచ్చిన ఉద్యోగం అది.

2012లో మా చెల్లెలి కూతురు సుష్మ పిట్స్‌బర్గ్‌లో ఎమ్మెస్ పూర్తి చేసింది. డిగ్రీ ఇచ్చే పండగకి వాళ్ళమ్మ వెళ్ళాలి. వీసా ఆఫీసరు రెండుసార్లు కాదన్నాడు. సరే నువ్వన్నా వెళ్ళమని నన్ను తోశారు. ఎందుకు వెళ్తున్నారని అడిగితే, "మీ బొగ్గు గనులు చూడాలని ఉంది" అన్నాను. ఆ అధికారి పెద్దగా నవ్వి వీసా ఇచ్చేశాడు. మా చెల్లెలు ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడుతుంది.

పిట్స్‌బర్గ్: పొగ మానేసిన పొగగొట్టాలు

ఉక్కు ఊరు అంటే మసి పట్టిన ఆకాశం ఉంటుందనుకున్నాను. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. నదికి అవతలి ఒడ్డున ఒక షాపింగ్ మాల్‌కి తీసుకెళ్ళింది సుష్మ. కార్లు నిలిపేచోట, ఏ ఫ్యాక్టరీకీ అతుక్కోకుండా పన్నెండు ఇటుక పొగగొట్టాలు వరసగా నిలబడి ఉన్నాయి. నూట ఇరవై ఏళ్ళ కిందట ఇక్కడే ఉక్కు కార్మికులు జీతాల కోత మీద సమ్మె కట్టి గేటు బయట కాపు కాశారట. కంపెనీ తెప్పించిన తుపాకుల మనుషులు పడవల్లో వచ్చారట. రెండు వైపులా ప్రాణాలు పోయాయట. చివరికి యూనియన్ ఓడిపోయిందని అక్కడ పెట్టిన బోర్డు మీద రాసుంది. ఆ బోర్డు దగ్గర నేను తప్ప ఎవరూ లేరు, జనమంతా ఐస్‌క్రీమ్ కొట్టు దగ్గరే ఉన్నారు.

"పెద్దమ్మా, ఫ్యాక్టరీ లేదు ఏం లేదు, ఏం జూస్తున్నవ్ గంతసేపు?" అంది సుష్మ.

"గొట్టాలు మంచిగ కట్టిండ్రు బిడ్డా. కట్టినోళ్ళ పేర్లు ఎక్కడన్న రాసిండ్రా అని చూస్తున్న."

ఎక్కడా రాయలేదు. ఫ్యాక్టరీ యజమాని పేరు మాత్రం ఆ ఊళ్ళో లైబ్రరీ మీదా, మ్యూజియం మీదా, ఎక్కడపడితే అక్కడ ఉంది. జీతం తగ్గించి పుస్తకాలు ఇచ్చాడన్నమాట అనుకున్నాను. కానీ ఆ లైబ్రరీలో ఎండలో తిరిగి వచ్చిన నాకు చల్లగా కూర్చోడానికి కుర్చీ దొరికింది, ఎవరూ కార్డు అడగలేదు. అది కూడా చెప్పకపోతే అన్యాయం.

దారిలో: చేతిలో ఇమిడే సద్ది

గురువారం పొద్దున, బొగ్గు గనుల రాష్ట్రమైన వెస్ట్ వర్జీనియాకి బయల్దేరాం. కారు కార్తీక్‌ది. కార్తీక్ సుష్మ క్లాస్‌మేట్, గుంటూరు అబ్బాయి. పాతిక దాటాయి, గడ్డం పెంచాడు, ఉద్యోగం వెతుక్కుంటున్నాడు.

"నాకు ఓపీటీ క్లాక్, అదే చదువయ్యాక జాబ్ వెతుక్కునే గడువు, స్టార్ట్ అయిపోయిందండీ ఆంటీ," అన్నాడు స్టీరింగ్ తిప్పుతూ. "నైంటీ డేస్ జాబ్ లేకపోతే వీసా స్టేటస్ పోద్ది. నలభై రెండు అయిపోయినాయ్. రూమ్‌లో కూర్చుంటే పిచ్చెక్కుద్ది, అందుకే డ్రైవ్ చేస్తానన్నా."

వీళ్ళ మీద కూడా ఎవరో లెక్క పెడుతున్నారన్నమాట. పిల్లవాడి మీద నాకు జాలేసింది, పైకి మాత్రం రోడ్డు చూసి నడపమన్నాను.

కొండలు మొదలయ్యాయి. పచ్చని కొండలు, మలుపు మలుపుకీ ఒక చిన్న చర్చి. పెట్రోలు పోయించుకునే చోట కౌంటర్ మీద, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన రొట్టెలు కనిపించాయి. ఒక్కోటి రెండు డాలర్లు. విరిస్తే లోపల ఎర్రటి మాంసం ముక్కలు, వాటి నూనె రొట్టెకంతా పట్టి ఉంది. కౌంటర్ దగ్గరున్న లావుపాటి ఆవిడ గర్వంగా చెప్పింది, ఇది మా రాష్ట్రపు తిండి అని. ఇటలీ నుంచి వచ్చిన గని కార్మికుల భార్యలు కనిపెట్టారట. లోపల పళ్ళెం ఉండదు, చేతులు కడుక్కోడానికి నీళ్ళుండవు, వేడి చేసుకునే వీలుండదు. ఒక చేత్తో పట్టుకుని తినేలా, సాయంత్రం దాకా పాడవకుండా ఉండేలా చేశారు.

మా గని ఆడవాళ్ళు సద్ది కట్టేటప్పుడు పడే యాతన ఇదే. పులుసు ఒలికిపోతుందని వేపుడు, అన్నం విడివిడిగా ఉంటే రాలిపోతుందని ముద్దపప్పు. ఎవరో ఇటలీ ఆడమనిషి నా వంటింట్లో పక్కన నిలబడినట్టే అనిపించింది. నేను రెండు తిన్నాను. కార్తీక్ గురువారం మాంసం ముట్టడు, సాయిబాబా వారం. అతను చిప్స్ పొట్లంతో సరిపెట్టుకున్నాడు.

సందర్శకుల గని: దండం పెట్టినందుకు

మూతపడ్డ ఒక గనిని సందర్శకుల కోసం తెరిచి ఉంచారు. టికెట్టు ఇరవై డాలర్లు. ఒకప్పుడు మనిషికి లోపలికి వెళ్ళినందుకు డబ్బు ఇచ్చేవారు, ఇప్పుడు మనమే ఇచ్చి వెళ్ళాలి. పసుపు టోపీ పెట్టి, చిన్న రైలు పెట్టెలో కూర్చోబెట్టారు.

మా దగ్గర గని మూతి పక్కన మైసమ్మ ఉంటుంది. నాస్తికుడైనా ఆమెను చూసే దిగుతాడు. ఇక్కడ మైసమ్మ కోసం ఇటూ అటూ చూశాను. లేదు. అలవాటు చొప్పున పెట్టెలోంచి వంగి నేల తాకి కళ్ళకద్దుకున్నాను. అంతే, మా గైడు, ఆరడుగుల రిటైర్డ్ గని కార్మికుడు, నేను కింద పడిపోతున్నానని ఒక్క ఉరుకున వచ్చి రెక్క పట్టుకుని పైకి లేపాడు. భుజం రెండు రోజులు నొప్పి పెట్టింది. సంగతి సుష్మ చెప్పాక అతను పడీపడీ క్షమాపణ చెప్పాడు. తరవాత, తాను కూడా ముప్పై ఏళ్ళూ దిగేముందు కొండరాతిని ఒకసారి తట్టేవాడిననీ, ఎందుకో ఎవరికీ చెప్పలేదనీ అన్నాడు.

లోపల నడుం ఎత్తు బొగ్గు పొర చూపించాడు. పక్కకు పడుకుని తవ్వేవారట. కూలి టన్నుల లెక్కన. కప్పుకి దుంగలు ఆనించిన సమయానికి కూలి లేదు. కప్పు కూలితే నువ్వు సరిగ్గా ఆనించలేదు అనేవారట. ఈ మాట నేను తెలుగులో కూడా విన్నాను.

కంపెనీ వీధులు

శుక్రవారం చేరిన ఊరి పేరు రాయను, ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. లోయలో ఒకే వీధి, ఒక ఏరు, పక్కన రైలు పట్టాలు. ఒకప్పుడు ఇల్లు కంపెనీది, కొట్టు కంపెనీది, డాక్టరు కంపెనీ మనిషి, చర్చి పాస్టర్‌కి జీతం కూడా కంపెనీదే. జీతం బదులు కంపెనీ కొట్టులోనే చెల్లే సొంత నాణేలు. సమ్మె చేస్తే ఇంట్లో సామాను వీధిలో పడేది. పసిపిల్లలతో సహా మంచులో గుడారాల్లో ఉన్నారట. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, ఇటలీవాళ్ళు, హంగరీవాళ్ళు వేర్వేరు వరసల్లో కాపురాలు. విడివిడిగా ఉంచితే ఒక్కటి కారని. కానీ ఒక్కటయ్యారు. ఏళ్ళ తరబడి తన్నులు తిని, చివరికి ఎనిమిది గంటల పనీ, యూనియనూ సంపాదించారు.

ఇప్పుడు ఆ ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు. గని లేదు, యూనియన్ ఆఫీసులో కుట్టుపని క్లాసులు నడుస్తున్నాయి. పోరాడి సంపాదించుకున్నది అనుభవించడానికి మనుషులే మిగల్లేదని బాధ కలిగింది.

పాత కంపెనీ కొట్టే ఇప్పుడు మ్యూజియం. అక్కడ కూర్చుని ఉన్న ఆవిడ రోజా. ఎనభై రెండేళ్ళు, పొట్టిగా ఉంటుంది, ఎర్ర స్వెట్టరు. మమ్మల్ని చూడగానే కాఫీ పోసింది. నేను బొగ్గు గని మనిషినని సుష్మ చెప్పేసరికి కుర్చీ దగ్గరికి లాక్కుని తన కథ మొదలుపెట్టింది.

వందేళ్ళకు పైగా అయింది, ఈ ఊరి గనిలో పేలుడు జరిగి. లోపలున్నవాళ్ళు ఒక్కరూ బతకలేదు. కంపెనీ జీతాల జాబితా చూసి చనిపోయినవాళ్ళ లెక్క చెప్పింది. రోజా తాత విన్సెంజో ఆ జాబితాలో లేడు. ఇటలీ నుంచి వచ్చి నాలుగు నెలలు, బావమరిదికి సాయంగా దిగేవాడు. అప్పట్లో ఒక కార్మికుడు తన నంబరు మీద ఒక సాయగాడిని తెచ్చుకోవచ్చు, కంపెనీకి అతనెవరో పట్టదు. పేలుడు తరవాత శవాలు గుర్తుపట్టే స్థితిలో లేవు. కడుపుతో ఉన్న రోజా అమ్మమ్మ కంపెనీని అడిగితే, అలాంటి మనిషి మా దగ్గర లేడు, నిన్ను వదిలి పారిపోయి ఉంటాడన్నారు.

"మా అమ్మ డెబ్భై ఏడేళ్ళు బతికింది," అంది రోజా. "చనిపోయేదాకా ఈ ఊళ్ళో ఆమె పారిపోయినవాడి కూతురే. బళ్ళో అన్నారు, పెళ్ళప్పుడు అన్నారు."

ఊరి నడుమ స్మారక శిల ఉంది. అక్షరాలు అరిగిపోయాయని మళ్ళీ చెక్కిస్తున్నారు. పేర్ల జాబితా శనివారం కమిటీ ఖాయం చేస్తుంది, ఆ తరవాత ఇంక మార్పు లేదు. రోజా మూడుసార్లు అర్జీ పెట్టింది. ఆధారం ఏదీ అన్నారు.

"మీరూ వస్తారా రేపు?" అంది. "నా వైపు కూర్చోడానికి ఎవరూ లేరు."

గాజు పెట్టెలో పుస్తకం

వెళ్ళబోతూ గది చివర గాజు పెట్టె దగ్గర ఆగిపోయాను. లోపల ఒక పొడుగాటి రిజిస్టరు. ముందు పెట్టిన అట్ట మీద 'సామాన్ల పుస్తకం' అని రాసుందని సుష్మ చదివి చెప్పింది. సామాన్లు ఏంటి, నా మొహం! ఎడమ వరసలో నంబర్లు, పక్కన ఇంకో వరస నంబర్లు, దాని పక్కన టిక్కులు. ఇరవై ఆరేళ్ళు నేను గీసిన గీతలే. భాష రాకపోయినా ఈ పుస్తకం నేను చదవగలను.

"సుష్మా, ఇది ల్యాంప్ రిజిస్టర్. పెట్టె తెరువుమను."

"పెద్దమ్మా, ఇది మ్యూజియం, అట్ల టచ్ చేయనియ్యరు."

"అడుగు ముందు."

రోజాయే తాళం తెచ్చింది. పుస్తకంలో రాత ఉన్న చివరి పేజీ పేలుడు జరిగిన రోజుది. ఆ తరవాతివన్నీ ఖాళీ. ఆ రోజు పేజీలో 'తిరిగి వచ్చింది' అనే వరస, ఒక్క టిక్కు తప్ప, అంతా ఖాళీ.  బావమరిది నంబరు ఎంత అన్నాను. నూట పద్నాలుగు అంది రోజా, శిల మీద పేరు పక్కన ఆ నంబరు ఉందట.

నూట పద్నాలుగు ఎదురుగా ఒక దీపం లేదు. రెండు ఉన్నాయి, ముప్పై ఒకటి, అరవై ఆరు.

రోజా ముఖం వాడిపోయింది. "ఇది మాకు తెలుసు. ఒక దీపం పాడైతే ఇంకోటి మార్చి ఉంటారని కమిటీ అంది."

"కాదు," అన్నాను ఇంగ్లీషులోనే. ఆ ఒక్క మాటా బాగానే వచ్చు. అదే పేజీలో మూడు నంబర్లకు పైన చూపించాను. అక్కడ దీపం మార్చారు. పాత దీపం నంబరు కొట్టేసి, టిక్కు పెట్టి, పక్కన కొత్తది రాశారు. ఎందుకంటే పాడైన దీపం వెంటనే కిటికీలోకి తిరిగి వస్తుంది, వచ్చినదానికి టిక్కు పెట్టకపోతే ల్యాంప్ రూము మనిషి ఉద్యోగం ఊడుతుంది. నూట పద్నాలుగు దగ్గర కొట్టివేత లేదు, టిక్కు లేదు. రెండు దీపాలూ గనిలోకి వెళ్ళాయి, రెండూ రాలేదు. ఒక మనిషి నెత్తికి రెండు దీపాలు పెట్టుకోడు.

సుష్మ ఇదంతా చెబుతుంటే రోజా పుస్తకం మీదికి వంగి ఆ అరవై ఆరు మీద వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు.

శనివారం

చర్చి హాల్లో అయిదుగురు కమిటీ మనుషులు, ఒక పళ్ళెం నిండా బిస్కట్లు. కమిటీకి పెద్ద డేల్ అనే ఆయన, డెబ్భై పైన, గనిలో పనిచేసినవాడే. కఠినంగా కనిపించాడు కానీ అతనన్న మాటలో తప్పు లేదు. "రాతి మీద చెక్కింది చెరపలేం. అబద్ధం చెక్కితే మిగతా పేర్లన్నిటికీ అవమానం."

రోజా పట్టుకొచ్చిన పుస్తకంలో నేను ఆ పేజీ చూపించి మళ్ళీ అంతా చెప్పాను. సుష్మ ఇంగ్లీషులోకి మార్చింది. 

"రెండో మనిషి ఉన్నాడు, ఒప్పుకుంటాను," అన్నాడు డేల్. "అతను విన్సెంజోనే అని ఎలా చెప్పగలం?"

"మీ నంబరు మీద బొగ్గు నింపే పని పరాయివాడికి ఇచ్చేవారా మీరు?" అని అడిగాను.

ఆయన తిరిగి నన్నే అడిగాడు, ఈ పుస్తకాలు మీకెలా తెలుసు అని.

ఇది చెప్పాలని నేను అనుకుని వెళ్ళలేదు. కానీ చెప్పాను. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, ఎవరూ లేని సమయం చూసి, బీరువాలోంచి పాత రిజిస్టరు తీశాను. మా ఆయన పోయిన తేదీ వెతికాను. ఆయన నంబరు, దీపం నంబరు, దాని పక్కన ఖాళీ. ఆ ఖాళీ ముందు ఏడుస్తూ చాలాసేపు నిలబడ్డాను. మా అత్తకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. అయినా ఆయన గనిలోనే పోయాడని ప్రపంచానికి చూపించడానికి నాకు ఆ ఖాళీ ఉంది. దాన్ని చూసే నాకు ఉద్యోగమిచ్చారు, దాంతోనే పిల్లల్ని పెంచాను. "ఈమె అమ్మమ్మకి కూడా అలాంటి ఖాళీ ఉండింది. ఎవరూ పుస్తకం తెరిచి చూపించలేదు," అన్నాను.

సుష్మ ఏడుస్తూనే అనువాదం చేసింది. కార్తీక్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

డేల్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ పేజీ తన దగ్గరికి జరుపుకున్నాడు. "ముప్పై ఏళ్ళు దీపం తీసుకుని దిగాను. కిటికీ అవతలివాడు ఏం రాసుకుంటున్నాడో ఒక్కరోజూ అడగలేదు," అన్నాడు. తరవాత చెయ్యెత్తాడు. మిగతా నలుగురూ ఎత్తారు.

ఆ పేజీలో ఒక నంబరు మీద రెండు దీపాలున్న వరసలు ఇంకా నాలుగు ఉన్నాయి. వాళ్ళ పేర్లు అడిగేవాళ్ళెవరూ రాలేదు. శిల మీద అడుగున కొంచెం చోటు వదలమని డేల్ తానే అన్నాడు. నిజంగా వాళ్ళ ఇంటివాళ్ళయితే వెతుక్కుని వస్తారు, ఇది చదివి ఎవరుపడితే వాళ్ళు ఆ చోటు కోసం పేర్లు పట్టుకుని రాకూడదనే ఊరి పేరు నేనిక్కడ రాయలేదు.

చెక్కేవాడి కోసం పేరు రాసివ్వమని రోజాకి కాగితం ఇచ్చారు. పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. డేల్ అది చదివి, ఎలా పలకాలి అని అడిగాడు. రోజా పలికింది. అయిదుగురూ ఒకళ్ళ తరవాత ఒకళ్ళు పలికి చూశారు, తప్పు పలికినవాళ్ళని రోజా సరిదిద్దింది.

బయటికొచ్చాక కారు దగ్గర రోజా నా రెండు చేతులూ పట్టుకుంది. "మీ ఆయన పేరు చెప్పనేలేదు మీరు. ఏం పేరు?"

సుష్మ గబుక్కున చెప్పబోయింది. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. ఉద్యోగం కాగితాల దగ్గర మా మరిది చెప్పాడు, పింఛను ఆఫీసులో రేషన్ కార్డు ముందుకు తోసి వేలితో చూపించాను. మా అత్త పోయాక కూడా మానలేదు. నేను చెయ్యి అడ్డం పెట్టి సుష్మని ఆపాను.

"లింగయ్య," అన్నాను.

రోజా సరిగ్గా పలికేదాకా ఇంకో రెండుసార్లు అన్నాను. ఆయన పోయి ముప్పై ఒక్కేళ్ళు. ఆ పేరు నా గొంతులో ఎలా ఉంటుందో నేను వినడం అదే మొదలు.